లెక్క ఎక్కడ తీశారు?

అమలాపురంలో ఉంటున్న మా అక్క కొడుకు ఈ ఏడే ఇంజనీరింగులో చేరాడు. మొన్న ఆదివారం ప్రోగ్రామింగ్ భాషలకు ఆదరణను బట్టి ర్యాంకులిచ్చే టియోబీ సూచీ 2024 నాటి పట్టిక ఒకటి చూపించి, "మావయ్యా, పైథాన్ మొదటి స్థానంలో ఉంది, జావాస్క్రిప్ట్ ఆరో స్థానంలో ఉంది. ఇక అది నేర్చుకోవడం దండగేనా?" అని అడిగాడు. అదే ఏడాది, ప్రోగ్రామర్లు సందేహాలు తీర్చుకునే వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో జరిపిన సర్వే తీసి పక్కన పెట్టాను. అందులో సుమారు 62 శాతం మంది వాడుతున్నామని చెప్పిన జావాస్క్రిప్టే మొదటిది.

రెండూ తప్పు కావు. టియోబీ వారు భాష పేరు పక్కన 'ప్రోగ్రామింగ్' అన్న మాట చేర్చి, సెర్చ్ ఇంజన్లలో ఎన్ని ఫలితాలు వస్తాయో లెక్కిస్తారు. పీవైపీఎల్ అనే మరో సూచీ గూగుల్‌లో ఆ భాష నేర్పే పాఠాల (ట్యుటోరియల్) కోసం ఎంత వెతుకుతున్నారో చూస్తుంది. అంటే అది నారుమళ్ల లెక్కే గాని కోతల లెక్క కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో ఒక్కొక్కరు ఎన్ని భాషలైనా ఎంచుకోవచ్చు కనుక శాతాలన్నీ కూడితే వంద దాటిపోతాయి.

వాడికి ధవళేశ్వరం గుర్తుచేశాను. బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంక గ్రామాల వారికి ఆ అంకె ప్రాణంతో సమానం. అయితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లో పారేది వేల క్యూసెక్కులే, మన చేలు పండేది మాత్రం ఆ నీటితోనే. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాష నాకు అలాంటి కాలువలాగే కనిపిస్తుంది. దాని కోసం గూగుల్‌లో వెతికేవారు తక్కువ, బ్యాంకులు తమ కోడ్‌ను, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనబడేలా పెట్టవు, అయినా పెద్ద పెద్ద బ్యాంకుల లావాదేవీలు ఇప్పటికీ దాని మీద నడుస్తున్నాయి. అందుకే పట్టిక పైనే, ర్యాంకుల కంటే ముందు, ఏమి లెక్కపెట్టారో పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

"మరి నాకు పనికొచ్చే లెక్క ఏది?" అన్నాడు. వెబ్‌సైట్లు తయారుచేయాలన్నది వాడి కోరిక. కాకినాడ, విశాఖపట్నం, హైదరాబాద్‌లలో అలాంటి ఉద్యోగాల ప్రకటనలు తీసి, ఒక్కొక్క దానిలో ఏ భాష అడిగారో వాడినే రాసుకోమన్నాను. నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని, సాయంత్రానికి నలభై ప్రకటనలు చదివి, ఒక్కొక్క భాష ఎదుట గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాడు.