గీతకు అటు 50, ఇటు 60

బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని ఇటాయిపు డ్యామ్‌కు వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, స్పిల్‌వే మీద, అంటే మిగులు నీళ్లు వదిలే వాలుల మీద, ఆశ పెట్టుకోకండి. పరానా నదిలో నీళ్లు టర్బైన్లకు పోగా మిగిలితేనే గేట్లు ఎత్తుతారు. మేం వెళ్లిన రోజు మూడు వాలులూ ఎండకు మాడుతున్న సిమెంటు, అంతే. మన సాగర్ గేట్లు ఎత్తారంటే హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి కదా, ఆ సంబరం ఇక్కడా ఉంటుందనుకుని బ్రెజిల్ వైపు ఊరు ఫోజ్ దో ఇగువాసు నుంచి సిటీ బస్సులో పడి వచ్చాం. పైగా లోపల చూపించే టూరుకు టికెట్ గట్టిగానే ఉంది. అవతల పరాగ్వే ఒడ్డు నుంచి చూస్తే ఉచితమట!

లోపలికెళ్లాక చిరాకు కాస్త దిగింది. ఒక్కోటి 700 మెగావాట్ల యూనిట్లు 20. అందులో పది పరాగ్వే కోసం 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తుల) కరెంటు, పది బ్రెజిల్ కోసం 60 హెర్ట్జ్. రెండు రకాలూ తిరిగే వేగం దాదాపు ఒకటే, నిమిషానికి 91, 92 చుట్లు. తేడా అంతా జనరేటర్‌లోని అయస్కాంత ధ్రువాల సంఖ్యలో ఉంది. కంట్రోల్ రూమ్ నడిమధ్య నేల మీద సరిహద్దు గీత. అటు వాళ్లు, ఇటు వీళ్లు, ఒకే గదిలో డ్యూటీ. 2023 నవంబరులో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ముళ్లకంచెకు అటూ ఇటూ నిలబడ్డ సంగతి గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ మాటే టూరు బస్సులో పక్క సీటావిడకు ఫోన్ అనువాదంతో చెప్పాను. పరాగ్వే వైపు ఊరు సియుదాద్ దెల్ ఎస్తెలో బట్టల కొట్టట ఆవిడది. నవ్వింది. వేసవిలో తమ వీధికి కరెంటు పోతూనే ఉంటుందట. గది సగం సగమే గానీ 1973 ఒప్పందం ప్రకారం పరాగ్వే వాడుకోలేని కరెంటును బ్రెజిల్‌కు తప్ప ఇంకెవరికీ అమ్మడానికి లేదు. చిన్న దేశం, వాడేది తక్కువ. బ్రెజిల్‌దేమో 60 హెర్ట్జ్. అందుకే ఆ 50 హెర్ట్జ్ కరెంటులో మిగిలినదాన్ని ఇక్కడే డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా మార్చి సావో పాలో వైపు పంపుతారు. డ్యామ్ అప్పు 2023లో తీరింది. ధర మీద బేరాలు మొదలయ్యాయి.

"మీ దగ్గర కంచె కనిపిస్తుంది, మాకు బిల్లులో ఉంటుంది" అందావిడ. తర్వాత తన కొట్టుకు రమ్మని, జీన్స్ చవకని, వంతెన దాటితే చాలని చాలాసేపు చెప్పింది. వెళ్లాం. చవకేం కాదు.