నెగెటివ్ కాగితానికి లామినేషన్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లకి హెచ్ఐవీ టెస్టులు చేస్తున్న రోజు, ఒకన్న "నాకక్కర్లేదు మేడమ్" అంటూ చొక్కా జేబులోంచి లామినేషన్ చేయించిన రిపోర్టు తీశాడు. నెగెటివే. తేదీ చూస్తే ఏడాదిన్నర కిందటిది.

కౌన్సెలర్‌గా నేను ఎక్కువసార్లు వాదించింది ఈ కాగితంతోనే. వేలి మీద గుచ్చి చేసే టెస్టు వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని. అవి కనపడటానికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా పడుతుంది. అంటే ఈరోజు నెగెటివ్ అని వస్తే, మూడు నెలల కిందటి దాకా ఏమీ లేదని మాత్రమే ధైర్యంగా చెప్పగలం. పెద్ద ల్యాబుల్లో పి24 యాంటిజెన్‌ని, అంటే వైరస్‌లోనే ఉండే ఒక ప్రోటీన్‌ని కూడా చూసే టెస్టు ఇంకాస్త ముందే పట్టేస్తుంది కానీ, క్యాంపులో మా దగ్గరుండేది స్ట్రిప్పే.

అసలు టెన్షన్ ఏంటంటే, రక్తంలో వైరస్ బాగా ఎక్కువుండేదీ, ఇంకొకరికి తేలిగ్గా అంటుకునేదీ సరిగ్గా ఆ మొదటి వారాల్లోనే. కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, ఓ పారాసిటమాల్ వేసుకుని బండెక్కేస్తారు, మరికొందరికి అదీ ఉండదు. అందుకే సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్కులైన మగవాళ్లు, హిజ్రాలు, సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు ఆరు నెలలకోసారి చేయించుకోవాలంటారు. మా మీటింగుల్లో మాత్రం ఎప్పుడూ "ఈ నెల ఎంతమందికి చేశారు?" అనే లెక్కే, ఆఖరిసారి రిస్కు ఎప్పుడని ఎవరూ అడగరు. నాకు ఒళ్లు మండేది.

ఆ అన్న చివరికి వేలు ఇచ్చాడు. టీ తాగుతున్నాడన్న మాటే గానీ, కళ్లన్నీ స్ట్రిప్పు మీదే. సి దగ్గర ఒక్కటే గీత, అంటే నెగెటివ్. హమ్మయ్య అన్నాడు. "చివరిసారి కండోమ్ లేకుండా ఎప్పుడు, అన్నా?" అనడిగితే కాసేపు టైర్ల వంక చూసి, "నెల అయ్యుంటుంది" అన్నాడు.

రెండు నెలలాగి మళ్లీ చేయించుకోమన్నాను. అప్పటికి గౌహతి లోడులో ఉంటానన్నాడు. ఏ ఊళ్లోనైనా పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అని హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టుల సెంటర్ ఉంటుంది, టెస్టు ఫ్రీ, ఒకవేళ వచ్చినా మందులూ ఫ్రీ, 2017 నుంచి సీడీ4 (ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క) ఎంతున్నా వెంటనే మొదలుపెడుతున్నారు అని చెప్పి, హెల్ప్‌లైన్ నంబరు 1097 ఇచ్చాను.

ఫోన్లో 'టైరు షాపు' అని సేవ్ చేసుకున్నాడు.