గుంత చుట్టూ ముగ్గు

ఆదివారం.

మిక్సీ జార్ బ్లేడు మార్పించడానికి ఖైరతాబాద్ వెళ్ళాను. రిపేరు చేసే అతను "గంటలో అయిపోతుంది సార్" అన్నాడు. ఆ గంట సంగతి తెలిసిందే కాబట్టి ఎం.ఎస్. మక్తా వైపు నడిచాను.

రాజ్‌భవన్ వెనక, హుసేన్ సాగర్‌కి దగ్గర్లో ఉన్న బస్తీ అది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు అక్కడి ఇళ్ళ గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. ఇప్పుడు చాలావాటికి రంగు వెలిసిపోయింది. ఒకచోట ఆడమనిషి ముఖం, సరిగ్గా చెంప మీద డ్రిల్లు కొట్టి కేబుల్ వైరుకి క్లాంపు బిగించారు. పై అంతస్తులో ఆరేసిన చీర నుదుటి దాకా వేలాడుతోంది. నాకేం తప్పనిపించలేదు. ఇల్లు వాళ్ళది, చీర ఆరాలి కదా.

బొమ్మలు బాగున్నాయి. కానీ వాటికి ఎవరి మీదా కోపం లేదు. ఫ్లైఓవర్ స్తంభాల మీద వేసే బతుకమ్మలూ నెమళ్ళూ కూడా అంతే. మా ఊళ్ళో గోడంటే ఇలా ఉండేది కాదు. సున్నంతో పట్టీ కొట్టి, దాని మీద జాజుతో జానెడేసి అక్షరాలు. ధరలు తగ్గించాలి, కరెంటు ఇవ్వాలి, ఫలానావాళ్ళను విడుదల చేయాలి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అయితే ఉస్మానియా చుట్టుపక్కల జై తెలంగాణ అని లేని గోడ కోసం వెతుక్కోవాల్సి వచ్చేది.

అలాగని ఊరికే పొగడలేను. మా గోడ మీద రాసేముందు నాన్నను ఎవరూ అడగలేదు. అడిగినా కాదనే ధైర్యం ఆయనకు లేదు, అది వేరే సంగతి. రాత్రికి రాత్రి నినాదం వెలిసేది. తెల్లారి పోలీసులు గద్దిస్తే సున్నం బకెట్ పట్టుకోవాల్సింది ఆయనే. బహిరంగ స్థలాల్ని పాడుచేయకుండా 1997లో చట్టం వచ్చింది. అది వచ్చాక కూడా సినిమా పోస్టర్లకీ కోచింగ్ సెంటర్ కాగితాలకీ ఏ లోటూ లేదు.

సరే, గోడ ఇంకొకరిది. మరి ముగ్గు? 2019 డిసెంబరు చివర్లో చెన్నై బెసంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వద్దంటూ కొందరు రోడ్డు మీద ముగ్గులు వేశారు. పోలీసులు వాళ్ళను పట్టుకెళ్ళి, తర్వాత వదిలేశారు. మర్నాడు డీఎంకే నాయకుల ఇళ్ళ ముందు అవే ముగ్గులు! తొక్కితే చెరిగిపోయే పిండి అది. దానికి అంత హడావుడి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాదు, అర్థమైంది. అందుకే నవ్వొస్తుంది.

బెంగళూరులో వీధి చిత్రకారుడు బాదల్ నంజుండస్వామి పద్ధతి ఇంకా ఇష్టం. 2015లో రోడ్డు గుంతలో నిజమైనదిలా ఉండే మొసలిని పెట్టాడు. 2019లో వ్యోమగామి సూటు వేసిన మనిషిని గుంతల రోడ్డు మీద నడిపించి, చంద్రుడి మీద నడుస్తున్నట్టు వీడియో తీశాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. పక్కన ఆటో వెళ్ళేదాకా అది రోడ్డని తెలియదు.

జార్ తీసుకుని ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడతో చెప్పాను. డ్రైనేజీ కోసం తవ్వి సగంలో వదిలేసిన గుంత మా గేటు ముందే ఉంది. అర్జీలు ఇచ్చాం, ఫొటోలు పంపాం.

"దాని చుట్టూ ముగ్గేస్తా. రాత్రిపూట బండ్లవాళ్ళకైనా కనబడుతుంది" అంది.

పై వాటాలో ఉండే పిన్నిగారు విని దిగొచ్చారు. "వేస్తే వేయండమ్మా, రాతలు మాత్రం వద్దు. చక్కగా తామరపూలు వేద్దాం."

"తామరపూలా? పార్టీ గుర్తంటారు పిన్నీ."

"అయితే నెమళ్ళు."

"నెమళ్ళయితే ఫొటో దిగి పోతారు. గుంత గుంతలాగే ఉంటుంది."

కాసేపు తర్జనభర్జన. ఎవరి పేరూ వద్దు, తిట్లు వద్దు, గుంత తవ్విన తేదీ ఒక్కటే మధ్యలో పెద్దగా రాయాలన్నది మా ఆవిడ మాట. ఆ తేదీ నాకు గుర్తు లేదు. ఆ రోజే నీళ్ళ పైపు పగిలి ట్యాంకర్ తెప్పించాం, ఆ డబ్బులు క్యాలెండర్ మీద రాసుంటానని తను వంటింట్లోకి వెళ్ళింది.

పిన్నిగారు మెట్ల దాకా వెళ్ళి ఆగారు. "సంక్రాంతికి కొన్న ఎర్ర రంగు మిగిలింది, తేనా?"