వరంగల్ ఎండ వేరు, దోహా ఉక్క వేరు

“మే నెల వరంగల్ ఎండలో ఆడినోనికి గల్ఫ్ ఎండ ఒక లెక్కనా?” మన దిక్కు నుంచి గల్ఫ్ ఫుట్‌బాల్ క్లబ్బులకు ఆడబోయే పిల్లలకు ఈ ధీమాతోనే మొదటి ముప్పు. రామగుండంలో 44 డిగ్రీలు కొట్టినా గాలి పొడిగా ఉంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఆగస్టులో దోహా రాత్రి అట్లా కాదు. చెమట కారుతుంది, ఆరదు. ఒంట్లో నీళ్లు పోతాయి, వేడి మాత్రం పోదు.

అందుకే ఉత్త ఉష్ణోగ్రత కాదు, వేడి, తేమ, ఎండ అన్నీ కలిపి ఒకే అంకెలో చెప్పే డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) చూడాలి. ఇందులో తడిబల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు) రీడింగుది 70 శాతం వాటా, ఎండ తాకిడిని కొలిచే నల్లగోళానిది 20, గాలి ఉష్ణోగ్రతది 10. లెక్క కట్టండి: నీడలో 44 డిగ్రీలు, తేమ 15 శాతం ఉంటే దాదాపు 29 వస్తుంది. ఎండే లేని రాత్రి 36 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే దాదాపు 32. ఫిఫా కూలింగ్ బ్రేకులకు గీసుకున్న గీత ఆ 32 దగ్గరే. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో మాత్రం అంతకంటే తక్కువ దగ్గరే బ్రేకులు ఇవ్వాలని, వేడి మరీ ఎక్కువైతే మ్యాచే వాయిదా వేయాలని అంటుంది. మా ఓటు దానికే.

ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. చెమట త్వరగా మొదలవడం, అందులో ఉప్పు తగ్గడం ఆ తర్వాత. కాబట్టి తొలి మూడు రోజులు 45 నిమిషాలు, సగం జోరుతో. వారం తిరిగేలోపు గంట, గంటన్నర. పూర్తి మ్యాచ్ రెండో వారం చివర్లోనే. రోజూ ఒకే వేగంతో పది నిమిషాలు పరుగెత్తి నాడి రాసుకోండి. అంకె దిగుతుంటే ఒళ్లు దారికొస్తున్నట్టు. ఏసీ గదికి, ఏసీ జిమ్‌కు మధ్యే తిరిగితే రెండు వారాలైనా ఏమీ మారదు. సెలవుకొచ్చి నెల రోజులు చల్లటి చోట గడిపితే మళ్లీ మొదటికే. చలికాలంలో బయల్దేరేవాళ్లు ఇక్కడే, ప్రాక్టీసు అవ్వగానే 40 డిగ్రీల నీళ్లలో మెడదాకా 30-40 నిమిషాల చొప్పున ఆరు రోజులు కూర్చుంటే కొంత సిద్ధమవుతారు. పక్కన మనిషి ఉండాలి, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి.

నీళ్ల సంగతికి తూకమే ఆధారం. ఆటకు ముందు, తర్వాత తడిబట్టలు లేకుండా బరువు చూడండి. 70 కిలోల మనిషి కిలోన్నర తగ్గితే 2 శాతం దాటినట్టే, ఆట పడిపోయేది అక్కడే. తగ్గిన కిలోకు లీటరున్నర చొప్పున, మూడు నాలుగు గంటల్లో, ఉప్పుతో సహా తాగాలి. జెర్సీ మీద తెల్లచారలు కట్టేవాళ్లకు ఓఆర్‌ఎస్సో, ఉప్పేసిన సల్లో తప్పనిసరి. బరువు పెరిగిందంటే ఇంకా ప్రమాదం: ఉత్త నీళ్లు ఎక్కువై సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక చూసి ఎండదెబ్బ అనుకుని మళ్లీ నీళ్లే పట్టిస్తారు.

విరేచనాలో, జ్వరమో ఉన్న రోజు దిగొద్దు. మ్యాచ్ ముందు డైక్లోఫెనాక్ నొప్పిమాత్ర మింగే అలవాటు మానుకోండి, నీళ్లు తగ్గిన ఒంట్లో దాని దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

ఇక అసలు ఎండదెబ్బ. మాట తడబడటం, ఏ వైపు ఆడుతున్నాడో మరిచిపోవడం, కూలబడటం. చెమట పడుతూనే ఉండొచ్చు, మోసపోవద్దు. చంకలో థర్మామీటరు తక్కువ చూపిస్తుంది, మలద్వారం రీడింగే నమ్మాలి. 40 దాటి ఉంటుంది. పారాసిటమాల్ పనిచేయదు. ముందు చల్లార్చాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మెడదాకా ఐసు నీళ్లు. తొట్టి లేకుంటే ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద కప్పేలాంటి టార్పాలిన్ చాలు: మధ్యలో పడుకోబెట్టి, నలుగురు అంచులెత్తి పట్టుకుని, ఐసూ నీళ్లూ పోసి ఊపుతుండాలి. తల పైకే ఉండాలి. 39కి దిగితే బయటికి తీయాలి, కొలిచే వీల్లేకుంటే సుమారు పావుగంట. కూలబడ్డ అరగంటలోపు చల్లార్చకుంటే మెదడు, కాలేయం దెబ్బతినొచ్చు.

ఐసు తొట్టి మైదానంలో ఎక్కడుంటుంది, థర్మామీటరు ఎవరి దగ్గర ఉంటుంది, డబ్ల్యూబీజీటీ ఎంత దాటితే ప్రాక్టీసు ఆపుతారు: క్లబ్బును జీతం సంగతి కంటే ముందు ఇవి అడగండి.