ఆర్‌ఎక్స్ 100 బోరు పని: ముందు పిస్టన్, తర్వాతే లేత్ షాపు

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే యమహా ఆర్‌ఎక్స్ 100 హెడ్డు విప్పితే బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి రంధ్రం) గోడ మీద నిలువు గీతలు కనపడటం మామూలే. గ్రానైట్ పొడి ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ రింగుకూ బోరుకూ మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే పానా పట్టే ముందు ఎయిర్ ఫిల్టర్ బాక్సు తెరిచి చూడండి. ఫిల్టర్ చిరిగినా, కార్బొరేటర్‌కి వచ్చే రబ్బరు పగిలినా ముందు అవి మార్చాలి. లేకపోతే ఈరోజు వేసిన (లేత్ షాపులో కోసి పెద్దది చేసిన) బోరు కూడా అదే దారి పడుతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే హెడ్డు నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒకటి పూర్తిగా విప్పి ఇంకోదాని దగ్గరికి పోతే హెడ్డు వంగుతుంది. సిలిండర్ కాస్త పైకి లేవగానే కనెక్టింగ్ రాడ్డు చుట్టూ శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్నును పట్టి ఉంచే సర్‌క్లిప్పు ఎగిరి క్రాంకు కేసులో పడిందా, గంట పని రెండు రోజుల పని అవుతుంది. పిస్టన్ తీశాక రాడ్డు పట్టుకొని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం ఆడితే ఫర్వాలేదు, నిలువుగా ఆడకూడదు. ఆడితే క్రాంకు ప్రెస్సు మీద విప్పాల్సిందే, అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సిలిండర్ తీసుకుపోయి ‘పాయింట్ ఫిఫ్టీ (0.50 మి.మీ. ఓవర్‌సైజు) బోరు వేయి’ అని చెప్పి వచ్చేస్తారు, పిస్టన్ తర్వాత కొంటారు. డబ్బా మీద ఒకే సైజు ఉన్నా ఒక పిస్టన్‌కీ ఇంకో పిస్టన్‌కీ కొలతలో తేడా ఉంటుంది. పిస్టన్ ముందు కొని, మైక్రోమీటర్‌తో పిన్నుకు అడ్డంగా, స్కర్టు (పిస్టన్ కింది భాగం) అడుగు నుంచి సుమారు 10 మి.మీ. పైన కొలిచి, ఆ కొలతకు బోరు వేయించాలి. ఇంత చిన్న ఎయిర్‌కూల్డ్ టూ స్ట్రోక్‌కి పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు సుమారు 0.04 నుంచి 0.05 మి.మీ. అంతకంటే బిగుతైతే మే నెల ఎండలో హైవే మీద బోరు పట్టేస్తుంది. మరీ వదులైతే పిస్టన్ టకటకమంటుంది.

‘పెద్ద పిస్టన్ వేస్తే పికప్ పెరుగుతుంది’ అనే మాట లెక్కకు నిలవదు. అసలు బోరు 50, స్ట్రోకు 50 మి.మీ., అంటే 98 సీసీ. 1.00 ఓవర్‌సైజు వేసి బోరు 51 చేసినా 102 సీసీ దగ్గరే ఆగుతుంది. నాలుగు సీసీ కోసం గోడ పలచన చేసుకోవడం నష్టం. గీతలు 0.25తో పోతే 0.25తోనే ఆపండి, ముందు ముందు ఇంకో రెండు మూడు బోర్లకు చోటుంటుంది.

లేత్ షాపులో తప్పకుండా అడగాల్సింది పోర్టుల (సిలిండర్ గోడలో గ్యాసు వచ్చిపోయే కన్నాల) అంచుల సంగతి. బోరు వేశాక ఆ అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నగా గుండ్రం చేయకపోతే రింగు అక్కడ తగులుకొని విరుగుతుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక పెట్రోలుతో తుడిచి సరిపెట్టొద్దు. బోరు గోడను సానబెట్టినప్పుడు మిగిలే హోనింగ్ పొడి వేడినీళ్లూ సబ్బూ వేసి బ్రష్షుతో రుద్దితేనే పోతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే నల్లబడకూడదు. ఆరగానే ఆయిల్ రాయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఒక్క రాత్రికే తుప్పు పొర కడుతుంది.

ఈ బండి మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. క్రాంకు రెండు వైపులా ఉండే రబ్బరు సీళ్లు మార్చని బండైతే తక్కువ తిరిగినా ఆ రబ్బరు ఈపాటికి గట్టిపడి ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు వెంటనే దిగకపోతే మాగ్నెట్ వైపు క్రాంకు సీలును అనుమానించండి. అక్కడ గాలి లాక్కుంటే మిశ్రమం పలచబడి, కొత్త పిస్టన్ కూడా వేడెక్కి పట్టేస్తుంది. గేరాయిల్ తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే క్లచ్ వైపు సీలు పోయినట్టు. మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీయొద్దు, పుల్లర్ వాడండి.

రింగు ఒక్కటే బోరులో పెట్టి పిస్టన్ తలతో 20 మి.మీ. లోపలికి తోసి, రింగు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.15 నుంచి 0.35 మి.మీ. లోపు ఉండాలి. పిస్టన్ గాడిలో ఉన్న చిన్న పిన్ను రింగు కొసల మధ్యకు రావాలి. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. సర్‌క్లిప్పులు, నీడిల్ బేరింగ్, ప్యాకింగులు కొత్తవే వేయాలి. నెల్లూరు నుంచి చెన్నై పుదుపేట దగ్గరే కాబట్టి పాత సామాన్లకు పోవచ్చు, కానీ పిస్టన్, రింగులు మాత్రం సీలు తీయని కొత్త డబ్బావే కొనండి.

బిగించాక ఆయిల్ పంపు పైపులో గాలి బుడగలు లేకుండా తీయాలి. పైపులో ఆయిల్ నిండకముందే స్టార్ట్ చేస్తే మొదటి నిమిషాల్లోనే కొత్త బోరు పోతుంది. పంపు తీసేసిన బండికి, బోరు కుదురుకునేదాకా, లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపండి. మొదటిసారి రెండు మూడు నిమిషాలు నడిపి, సిలిండర్ మీది ఫిన్నులు చేతికి పూర్తిగా చల్లబడేదాకా ఆగాలి, ఇలా మూడుసార్లు. చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ ఒకసారి చూడండి. 500 కిలోమీటర్ల దాకా ఫుల్ థ్రాటిల్ పట్టి ఉంచొద్దు, టాప్ గేరులో గుంజీ నడపొద్దు. ఆ తర్వాత ప్లగ్గు తీసి చూస్తే మొన ఇటుక రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే బండి నడపడం ఆపి గాలి ఎక్కడ లాక్కుంటోందో, మెయిన్ జెట్ సరిపోతోందో లేదో చూడండి.