గూటి కాపలా

నిద్ర పట్టడం లేదు. రే రాబర్ట్స్ లేక్ దగ్గర చూసిందే కళ్లముందు తిరుగుతోంది. "రూల్ ప్రకారం తప్పేం లేదు, వదిలెయ్" అనేసి ఈయన అటు తిరిగి పడుకున్నారు. నాకూ తెలుసు, టెక్సస్‌లో గుడ్లు పెట్టే కాలంలోనూ బాస్ అనే చేప వేటకి నిషేధం లేదు.

నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మగ బాస్ ఒడ్డు పక్కకొచ్చి, కల్లాపి చల్లి ఊడ్చిన వాకిలిలా తోకతో గుండ్రంగా అడుగు శుభ్రం చేసి గూడు చేసుకుంటుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా అంతా మగదే, తిండి కూడా సరిగా తినదు. గాలాన్ని కరిచేది ఆకలికి కాదు, గూట్లోకొచ్చినదాన్ని తరమడానికి.

పక్కనున్నతను అలాంటిదాన్నే చూసి మరీ లాగాడు. సరే, లాగాడు. వెంటనే వదలొచ్చుగా! కొలత, ఫొటో, ఫోన్ స్నేహితుడి చేతికిచ్చి ఇంకో ఫొటో, ఎండ పడుతోందని ఇటు తిరిగి మూడోది. చేప నోరు తెరిచి మొప్పలు ఎగరేస్తోంది. ఈలోపు బ్లూగిల్స్ అనే చిన్న చేపలు గూటి మీద పడ్డాయి, తలలు కిందికి, తోకలు పైకి. "అమ్మా, అన్నీ తినేస్తున్నాయి!" అని చిన్నోడు. తనకి క్రాపీ చేప పడిన సంతోషం అక్కడితో సరి.

మా ఊరి చెరువులో కొర్రమీనూ ఇంతే. తొలకరి పడ్డాక ఎర్రటి పిల్లలు నీటిపైన గుంపుగా మసులుతుంటే తల్లీ తండ్రీ ఆ కిందే ఉంటాయి. నాయన గట్టున గొంతుక్కూర్చుని ఆ ఎరుపు కోసమే చూసేవాడు. కప్పపిల్లని గాలానికి గుచ్చి సరిగ్గా గుంపు మధ్యలో వేసేవాడు. నీళ్లు ఒక్కసారిగా చిందేవి. అమ్మ బూడిద రాసి జిగురు పోయేదాకా తోమి, దాకలో పులుసు పెట్టేది. చెరువులో మిగిలిన పిల్లల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఇక్కడిదాకా రాశాక ఆ మనిషి మీద కోపం నిలవడం లేదు. ఆలస్యంగానైనా అతని చేప నీళ్లలోకి వెళ్లింది. నాయన పట్టినవి వెళ్లలేదు. తిండి కోసమే కదా అని నాయన తరఫున వాదిస్తాను, కానీ కాపలా పోయిన పిల్లలకి అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. అయినా ఆ మూడో ఫొటో అక్కర్లేదు!

పొద్దున ఈయనకి చెప్పాలి, ఏప్రిల్ అయ్యేదాకా గూళ్ల జోలికి వద్దని. వైట్ బాస్ అని వేరే రకం చేప ఉంది కదా. ఏటికి ఎదురెక్కి గుడ్లు వదిలేసి పోతుంది, గూడూ లేదు, కాపలా లేదు. రోజుకి 25 దాకా తెచ్చుకోవచ్చు. పక్కనుండే ఎర్ర కండ కోసేస్తే నీచు వాసన కూడా ఉండదు.