340 ఎక్స్‌పీ తక్కువైంది, రోగ్ పోయాడు

మొన్న ఆదివారం డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆట)లో మా రోగ్ (దొంగ పాత్ర) చచ్చిపోయాడు. క్లెరిక్ (పూజారి పాత్ర) పది అడుగుల దూరంలోనే ఉంది. ఆమె సంచిలో 300 బంగారు నాణేల వజ్రమూ ఉంది. చచ్చినవాడిని లేపే రివివిఫై మంత్రం మాత్రం లేదు, ఎందుకంటే 340 ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కూడబెట్టే అనుభవ పాయింట్లు) చాలక ఆమె ఇంకా నాలుగో లెవెల్లోనే ఉంది. ఆటగాళ్లు రాని రోజులకు ఎక్స్‌పీ ఎలా లెక్కకట్టాలన్నది ఈ కాంపెయిన్ (సెషన్ తర్వాత సెషన్ సాగే ఒకే కథ) మొదలైనప్పటి నుంచీ నన్ను తినేస్తోంది. ఇప్పుడు ఒక కేరక్టర్ ప్రాణమే పోయింది కాబట్టి లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నా.

మేం ఆడేది డీ అండ్ డీ ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. ఆట నడిపే డీఎం నేను, ఆడేవాళ్లు ఫైటర్, రోగ్, క్లెరిక్, విజార్డ్, రేంజర్, మొత్తం ఐదుగురు. క్లెరిక్ ఆడే అమ్మాయి పీజీ చేస్తున్న డాక్టర్. నైట్ డ్యూటీ పడిన రెండు వారాలు రాలేదు, అందులో ఆమె చేయగలిగిందేమీ లేదు.

పుస్తకం ప్రకారం ఎక్స్‌పీ ఆ ఎన్‌కౌంటర్‌లో (పోరులో) ఉన్నవాళ్లకే సమానంగా పంచాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక ట్రోల్, రెండు ఓగర్లు, ఈ రాక్షసులను ఓడిస్తే 1,800 + 900 = 2,700. ఐదుగురుంటే తలా 540. ఒకరు రాకపోతే మిగతా నలుగురికి తలా 675. అంటే రానివాళ్లకు 540 పోవడమే కాదు, వచ్చినవాళ్లకు ఇంకో 135 కలుస్తుంది. ఒక్క రాత్రిలో తేడా 675. ఇది నాకు మొదటి నుంచీ నచ్చలేదు. అందుకే నేను సగం పద్ధతి పెట్టా: ఎంతమంది వచ్చినా ఐదుతోనే భాగించడం, రానివాళ్లకు వాటాలో సగం ఇవ్వడం.

నాలుగో లెవెల్ 2,700 దగ్గర అందరం ఒకే చోట మొదలయ్యాం. ఆమె రాని రెండు సెషన్లలో వాటాలు 540, 420 (మూడు ఔల్‌బేర్లు, 2,100). సగం చొప్పున పోయింది 480. ఆదివారం ఆట మొదలయ్యేసరికి మిగతావాళ్లు 6,640 మీద, ఆమె 6,160 మీద. ఐదో లెవెల్ గీత 6,500.

ఇదే రెండు సెషన్లను వేరే పద్ధతుల్లో వేసి చూశా. పుస్తకం పద్ధతిలో అయితే మిగతావాళ్లు 6,880, ఆమె 5,680, తేడా 1,200. ఐదుతో భాగించి రానివాళ్లకు సున్నా ఇస్తే తేడా 960. సగానికి బదులు ముప్పావు ఇచ్చి ఉంటే ఆమె 6,400, అప్పటికీ వంద తక్కువే! తొంభై శాతం ఇస్తే 6,544, గీత దాటేది. శాతం మార్చుకుంటూ పోతే తేడా తగ్గుతుందే తప్ప, ఆ తేడా గీతకు ఏ పక్కన పడుతుందన్నది మాత్రం అదృష్టమే.

ఇక పోరు. రెండు ట్రోల్స్. 3,600కి, రాక్షసులు ఇద్దరుంటే వేసే 1.5 గుణకం కలిపితే కష్టం లెక్క 5,400. ఐదుగురూ ఐదో లెవెల్ అయితే హార్డ్ (కష్టమైన పోరు) గీత 3,750, డెడ్లీ (ప్రాణాంతకం) గీత 5,500. అంటే హార్డ్‌లోనే, డెడ్లీకి వంద దూరంలో. నేను అనుకున్నది సరిగ్గా అదే. కానీ ఒక్కరు నాలుగో లెవెల్లో ఉంటే డెడ్లీ గీత 4,900కి దిగిపోతుంది. అదే గుహ, అవే రెండు ట్రోల్స్, కానీ పోరు డెడ్లీ దాటి 500 పైకి పోయింది. ఆ 340 పాయింట్లే పోరు రకాన్ని మార్చేశాయి.

మూడో రౌండ్‌లో రోగ్ హిట్ పాయింట్లు సున్నాకి వచ్చి స్పృహ తప్పి పడ్డాడు. ట్రోల్ అతని మీదే నిలబడి ఉంది. స్పృహలేనివాడిని ఐదడుగుల లోపు నుంచి కొడితే ప్రతి దెబ్బా క్రిటికల్, క్రిటికల్ అంటే రెండు డెత్ సేవ్‌లు ఫెయిల్, మూడు ఫెయిలైతే చావే. మొదటి గోరు దెబ్బకి రెండు పోయాయి. రెండో గోరు కూడా తగిలింది. డైస్ టేబుల్ మీద అందరి ముందే వేశా, 17. రివివిఫైకి ఒక్క నిమిషం గడువు ఉంటుంది. అది మూడో స్థాయి మంత్రం, నాలుగో లెవెల్ క్లెరిక్‌కి మూడో స్థాయి స్పెల్ స్లాటే (ఒకసారి మంత్రం వేసే అవకాశం) లేదు. ఐదో లెవెల్ అయి ఉంటే రెండు ఉండేవి. ఆ అమ్మాయి తన షీట్ మీద ఎక్స్‌పీ గడిని చూస్తూ, "అన్నా, ఆ రెండు వారాలూ నేను ఐసీయూలో ఉన్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

పోరు గెలిచాక తలా 720. మిగతావాళ్లు 7,360, ఆమె 6,880, ఐదో లెవెల్. ఆ పోరులో కావాల్సిన స్పెల్ ఆ పోరు అయ్యాకే చేతికొచ్చింది.

అసలు సమస్య ఐదో లెవెల్ మెట్టులో ఉందని నా అంచనా. ఒకటి నుంచి నాలుగు వరకు ఒక లెవెల్ వెనకబడినా టేబుల్ నడిచిపోతుంది. ఐదు దగ్గర ఫైటర్‌కి ఎక్స్‌ట్రా అటాక్, విజార్డ్‌కి ఫైర్‌బాల్, క్లెరిక్‌కి రివివిఫై, అందరికీ ప్రొఫిషియెన్సీ (నైపుణ్యానికి డైస్‌లో కలిపే బోనస్) రెండు నుంచి మూడు, ఇవన్నీ ఒకేసారి వస్తాయి. పార్టీలో రెండు మూడు లెవెళ్ల తేడా ఆటను పాడుచేయదని డీఎం గైడ్‌లో ఉంది. ఐదు దగ్గర ఒక్క లెవెల్ తేడా ఏం చేస్తుందో నా టేబుల్ మీద చూశా కాబట్టి, ఆ మాటతో నేను ఏకీభవించను. రెండో అంచనా: సగం పద్ధతిలో తేడా పెరుగుతుందే కానీ ఎప్పటికీ తరగదు, ఎందుకంటే ఆమె వచ్చిన రోజు కూడా అందరికీ ఇచ్చినంతే ఇస్తున్నా.

అందుకని వెనకబడ్డవాళ్లకు ఎక్కువ ఇచ్చే పద్ధతులు కాగితం మీద నడిపి చూశా. సెషన్‌కి తలా 450 అనుకుందాం. ఒకటిన్నర రెట్లు ఇస్తే 480 తేడా పూడటానికి మూడు సెషన్లు పడుతుంది. ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ చెప్పినట్టు రెట్టింపు ఇస్తే రెండు. ఆలోపు ఇంకో నైట్ డ్యూటీ రాదని ఎవరు చెప్పగలరు? పైగా ఆ పూడే రోజుల్లోనే మెట్టు తగిలితే మళ్లీ ఇదే కథ. అయినా ఎక్స్‌పీ విషయంలో పాత్‌ఫైండర్‌దే నాకు తెలిసినవాటిలో శుభ్రమైన లెక్క. ప్రతి లెవెల్‌కీ 1,000, పార్టీ లెవెల్ రాక్షసుడికి 40, తలల లెక్కన భాగించే పనే లేదు. పార్టీ అంతా ఒకే లెవెల్లో ఉండటమే మంచిదని వాళ్లే సూటిగా చెప్పేస్తారు.

డీ అండ్ డీ పాత రూపమైన 1989 నాటి ఏడీ అండ్ డీ రెండో ఎడిషన్‌లో ఉన్న క్లాస్‌వారీ బహుమతులు కూడా కొన్నాళ్లు వాడాం. ఫైటర్ తరహా వాళ్లకు ఓడించిన శత్రువు ఒక్కో హిట్ డైకి (రాక్షసుడి బలం కొలతకి) తమ లెవెల్‌కి పది రెట్లు, విజార్డ్‌కి స్పెల్ స్థాయికి 50 చొప్పున, రోగ్‌కి ఒక్కో బంగారు నాణేనికి రెండు. రోగ్ మిగతావాళ్లను వదిలేసి పెట్టెల వెంట పడ్డాడు. ఆపేశా.

మైల్‌స్టోన్ (పాయింట్లు లేకుండా, కథ ఒక మలుపుకి రాగానే అందరికీ లెవెల్) పెట్టేసుకుంటే గొడవే ఉండదని చాలామంది అంటారు. నాకు ఇష్టం లేదు. సెషన్ చివర అంకె చెప్పినప్పుడు ఐదుగురూ పెన్సిల్ పట్టుకుని కూడుకునే ఆ రెండు నిమిషాలంటే నాకు ప్రాణం. ఎంత దూరం వచ్చామో, ఇంకెంత ఉందో ఆటగాడికి కనిపించాలి.

పనిచేస్తున్నది ఒకటుంది: పోరాడకుండా మాటలతోనో నక్కి నక్కి పోయో దాటిన రాక్షసులకు కూడా పూర్తి ఎక్స్‌పీ. పేరు పక్కన టిక్ పెడతా, తర్వాత చంపినా మళ్లీ రాదు.

వచ్చే ఆదివారం నుంచి ఒకే కుండ. పార్టీ మొత్తానికి ఒకే అంకె, 7,360. వచ్చినా రాకపోయినా, పాత కేరక్టరైనా చచ్చిపోయిన రోగ్ స్థానంలో వచ్చే కొత్తవాడైనా అందరికీ అదే. ఫోన్‌లో చెప్తే రోగ్ ఆడే తమ్ముడు వెంటనే అడిగాడు: "అన్నా, మరి నేను వానలో బండి మీద తడుస్తూ వచ్చినదానికి?" సరైన ప్రశ్నే. వచ్చినవాడికి ఏదో ఒకటి దక్కాలి, అది లెవెల్ మాత్రం కాకూడదు. అందుకని వచ్చినవాళ్లకు సెషన్ మొదట్లోనే ఒక ఇన్‌స్పిరేషన్ (ఒకసారి డైస్ రెండు వేసి పెద్దది తీసుకునే వీలు), దొరికిన మ్యాజిక్ వస్తువుల్లో ముందు ఎంచుకునే హక్కు. ఇది వాడికి చాలుతుందో లేదో ఆడితేగాని తెలియదు. చాలదని నా అనుమానం.

ఈ కాంపెయిన్ అయ్యాక ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ మొదలుపెట్టాలని ఉంది. డీ అండ్ డీ 1981 బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌నే శుభ్రంగా అమర్చిన పుస్తకం అది. ఊరికి క్షేమంగా తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ, రాక్షసులకు చిల్లర. నాకు అందులో నచ్చింది ఆ టేబుల్. ఫైటర్‌కి 2,000, 4,000, 8,000, 16,000, ఈ మొదటి మెట్లలో ప్రతిదానికీ రెట్టింపు. మిగతావాళ్లు 8,000 నుంచి 16,000కి ఎక్కి ఐదో లెవెల్ అయ్యేలోపు, సున్నా నుంచి మొదలైన కొత్త ఫైటర్ కూడా 8,000 తెచ్చుకుని నాలుగో లెవెల్‌కి వచ్చేస్తాడు. వెనకబడ్డవాళ్లను ఆ టేబులే లాక్కొస్తుంది, నేను శాతాలు వేయక్కర్లేదు.

అందులో మొదటి డంజియన్ (రాక్షసులు, నిధులు ఉండే నేలమాళిగ) లెక్క మొదలుపెట్టా. ఐదుగురికి తలా 2,000 అంటే 10,000 ఎక్స్‌పీ. అందులో ముప్పావు నిధి నుంచి రావాలంటే 7,500 నాణేలు. ఒక మనిషి మోయగలిగేది గరిష్ఠంగా 1,600, అదీ ఒంటి మీద కవచం, ఆయుధాల బరువుతో కలిపి. కంచర గాడిద నడక మందగించకుండా మోసేది 2,000. కాబట్టి నిధిలో సగమైనా రత్నాలుగా మార్చాలి, లేదా గాడిదలు తోలే కూలీలను పెట్టుకోనివ్వాలి. కూలీలైతే వాళ్లకీ ఎక్స్‌పీలో సగం వాటా ఉందా, లేక జీతానికి వెంట వచ్చి పోరాడే రిటెయినర్లకేనా అన్నది టేబుల్ దగ్గర కచ్చితంగా వాదనకు వస్తుంది. రిటెయినర్లకే అని ముందే రాసిపెడుతున్నా.